అవ్వ పాతర

2023 జూలైలో మా పిల్లోని బళ్లో అందరికీ బరువు చూశారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కర్నే మిషన్ మీద ఎక్కించి, అంకె పైకి చదివి రిజిస్టర్లో రాసుకున్నారు. మావాడి వంతు వచ్చినప్పుడు "38" అని గట్టిగా చదివారట. వెనకనుంచి ఎవడో "బియ్యం మూట రా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడికి ఎనిమిదేళ్లు. ఆ వయసు మగపిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో నడిమి బరువు 25 కిలోల చిల్లర.

ఈ సంగతి వాడు ఇంటికొచ్చి చెప్పలేదు. వాడి క్లాసులోనే చదివే పక్కింటి పిల్ల చెప్పింది. రాత్రి పడుకున్నాక, నిద్రపోయాడనుకున్నాక, చీకట్లో అడిగాడు: "అమ్మా, నేను పుట్టినప్పుడు గూడా ఇట్లనే లావుగా ఉంటినా?"

"లేదు నాయనా, పిల్లికూన మాదిరి ఉంటివి" అన్నాను. అబద్ధం కాదు. వాడు పుట్టినప్పుడు 2 కిలోల 100 గ్రాములు. మరి ఆ పిల్లికూన ఈ మూట ఎట్లా అయ్యాడు? వాడు అడిగింది ఒకటి, నాకు నిద్ర లేకుండా చేసింది ఇంకొకటి.

కడపలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు నేను తిట్లకు సిద్ధపడే పోయాను. చిప్సు ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, ఫోను, ఏమడిగినా తల వంచుకోవాలనుకున్నాను. ఆయన వాటి జోలికి చాలాసేపు రాలేదు. పుట్టినప్పుడు ఎంత బరువు? మామూలు కాన్పా, ఆపరేషనా? కడుపుతో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చిందా? తల్లిపాలు ఎన్నాళ్లు? డబ్బాపాలు ఎప్పుడు మొదలుపెట్టారు? మొదటి ఏడాదిలో బరువు ఎంత వేగంగా పెరిగాడు? ఎన్ని గంటలు నిద్రపోయేవాడు? ఎనిమిదేళ్ల పిల్లోణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయన అడుగుతున్నదంతా వాడికి రెండేళ్లు నిండకముందు కథ. "లావు ఇప్పుడు కనిపిస్తోందమ్మా, మొదలు మాత్రం అప్పుడే" అన్నాడు.

అప్పటి కథ ఇది. మా పుట్టినిల్లు పత్తికొండ పక్కన ఒక పల్లె. అత్తగారిల్లు ప్రొద్దుటూరు. తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి ఏడో నెలలో మా ఊరికి వచ్చాను. అప్పటికే రక్తం తక్కువగా ఉందని మాత్రలు రాసిచ్చారు. ఇంట్లోనేమో మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, నా తట్ట మీద కన్నేసి కూర్చునేది. "శానా తినాకుమే, కడుపులో బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమైతాది" అనేది. రెండో ముద్ద సంగటి పెట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకునేది. ఇది మా అవ్వ ఒక్కదాని పిచ్చి కాదు. మా పక్క పల్లెల్లో చాలామంది ముసలమ్మలది ఇదే మాట. ఆస్పత్రి లేని కాలంలో బిడ్డ అడ్డం తిరిగి తల్లీబిడ్డా ఇద్దరూ పోవడం కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. చిన్న బిడ్డ అంటే బతికి బట్టకట్టే తల్లి. వాళ్ల లెక్క అది.

కర్నూల్లో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. నాకు స్పృహ వచ్చి, కుట్ల నొప్పితో పక్కకు తిరగలేక, పాలు పడలేదని ఏడుస్తుంటే, అప్పటికే ఎవరో డబ్బాపాలు కలిపి పట్టేశారు. ఆ డబ్బా ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరు రాశారో అడిగే ఓపిక ఆరోజు నాకు లేదు. తల్లిపాలకు బదులుగా అమ్మే డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వకూడదని, తల్లులకు ఉచితంగా పంచకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చిందని తర్వాతెప్పుడో చదివాను.

బిడ్డను చూసి అవ్వ ఒకటే మాట అంది: "వీణ్ణి మనిషిని చెయ్యల్ల." ఆ రోజునుంచి ఇంటిల్లిపాదికీ అదే పని. నా పాలు చాలవని ఒకరు, పలచగా ఉన్నాయని ఒకరు. నా రొమ్ము దగ్గర వాడు నిండగానే తల తిప్పేసుకునేవాడు. సీసా దగ్గర ఆ స్వేచ్ఛ లేదు. అక్కడ పెద్దవాళ్ల కళ్లు బిడ్డ మీద ఉండవు, గీతల మీద ఉంటాయి. "ఇంగా రెండు గీతలుండాయి, తాగించు" అనేవాళ్లు. నాలుగో నెలకే ఆవుపాలు, పాలల్లో చక్కెర, చక్కెర పాలల్లో నానిన బిస్కెట్టు. ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదని టీచరైన నాకు తెలుసు. తెలిసినా నోరెత్తలేదు. బక్కపిల్లోణ్ణి కన్న తల్లికి ఇంట్లో మాట చెల్లదు.

ఏడాదికి వాడు 11 కిలోల 600 గ్రాములు. చేతులకూ తొడలకూ మడతలు. క్యాలెండర్ మీది బాలకృష్ణుడి మాదిరి ఉన్నాడని వీధి వీధంతా ఎత్తుకునేది. అవ్వ రోజూ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి దిష్టి తీసేది. అంగన్వాడీ ఆయమ్మ కార్డులో చుక్క పెట్టి, "ఆకుపచ్చలో బంగారంగా ఉండాడు" అంది. నిజమే. వయసుకు తగ్గ బరువు చూసే ఆ బొమ్మలో భయపడాల్సిన గీతలు కిందివైపే ఉన్నాయి. పసుపులోకి జారితే ఒక హెచ్చరిక, నారింజ రంగులోకి జారితే ఇంకొకటి. నా బిడ్డ గీత మాత్రం కిందనుంచి పైకి, ఒక గీత దాటి ఇంకో గీత దాటి, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతోంది. ఆ ఎక్కడాన్ని చూసి ఎవరూ భయపడలేదు. స్వీట్లు పంచుకున్నాం.

మా భయాలన్నీ కిందివైపు గీతల మీదే ఎందుకు ఉన్నాయి? అందుకు జవాబు అవ్వ దగ్గర ఉంది.

అవ్వకు గంజి కరువు తెలుసు. 1952లో, రాయలసీమ ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, వానలు వరసగా ఎగ్గొడితే సర్కారు ఊరూరా గంజి కేంద్రాలు పెట్టింది. అందుకే ఆ కరువుకు ఆ పేరు. అంతకు ముందు 1876లో మొదలైన ధాత కరువు గురించి అవ్వ తన అవ్వ చెప్పగా విన్నది. గంజి కరువు మాత్రం తన కాళ్లతో నిలబడి చూసింది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. సత్తు చెంబు పట్టుకుని పొద్దున్నే వరసలో నిలబడేదట. ముందున్నవాళ్లకు అడుగున ఉన్న గట్టి మెతుకులు రావాలని, వెనకున్నవాళ్లకు పైపై నీళ్లు మిగలకూడదని, గరిటె ఆడించేవాణ్ణి కలిపి పొయ్యమని బతిమాలేవాళ్లట. "మీ అమ్మ నా కడుపులో ఉండె. అదీ నాతో పాటే వరసలో నిలబడె" అని నవ్వుతుంది. 1953లో, సంక్రాంతి దాటాక, మా అమ్మ పుట్టింది. గుప్పెడంత ఉండిందట.

ఆడబిడ్డ తల్లి కడుపులో ఉండగానే, దాదాపు ఐదో నెల నాటికే, ఆమె జీవితకాలంలో వాడుకోబోయే అండాలన్నీ మొలక దశలో ఆమెలో చేరిపోతాయి. ఈ ముక్క నేను పదో తరగతి పిల్లలకు పాఠం చెప్పడానికి చదివినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. పిల్లోడి సంగతి పట్టుకున్నాక ఒకరోజు లెక్క కట్టాను. నేను ఏ అండంనుంచి వచ్చానో అది 1952లోనే, అవ్వ కడుపులో ఉన్న అమ్మ కడుపులో ఉంది. అంటే ఆ గంజి వరసలో ఒక్క మనిషి కాదు, మూడు తరాలు నిలబడి ఉన్నాయి. దీన్నిబట్టి నా కొడుకు లావుకు గంజి కరువే కారణమని తేల్చలేం. అవ్వ కళ్లల్లో ఇప్పటికీ ఆ వరస ఎందుకు కదలదో మాత్రం నాకు అప్పుడు తెలిసింది.

మాలాంటి ఇంకో వరస ఐరోపాలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, జర్మన్లు ఆహారం అడ్డుకోవడంతో నెదర్లాండ్స్ పడమటి పట్టణాల జనం ఆకలితో మాడిపోయారు. ఆ కాలానికి కడుపులో ఉన్న మగపిల్లలు 19 ఏళ్లకు సైన్యం పరీక్షకు వచ్చినప్పటి బరువుల్ని, దాదాపు 3 లక్షల మందివి, పరిశోధకులు తిరగేసి 1976లో ఫలితం చెప్పారు. తల్లి కడుపులో మొదటి సగంలో ఆకలి చూసినవాళ్లలో ఊబకాయులు ఎక్కువ. చివరి నెలల్లోనూ, పుట్టిన కొత్తలోనూ ఆకలి చూసినవాళ్లలో తక్కువ. ఆకలి ఒక్కటే. అది ఏ నెలలో వచ్చిందన్నదాన్నిబట్టి శరీరం నేర్చుకున్న పాఠం వేరు.

మనకు ఇంకా దగ్గరి కథ పుణె పక్క పల్లెలది. డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993లో అక్కడి ఆరు పల్లెల గర్భిణుల్ని గమనించడం మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 3.5. మన పిల్లల్లో తగ్గినదేమిటో చూస్తే కండ, లోపలి అవయవాలు. కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. బక్కగా పుట్టిన బిడ్డ లోపల లావు బిడ్డ దాక్కుని ఉంది. యాజ్ఞిక్ తన బొమ్మనే దీనికి సాక్ష్యం పెట్టాడు. ఆయనా, జాన్ యుడ్కిన్ అనే ఇంగ్లీషు డాక్టరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లీషాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2.

ఇది చదివినప్పుడు నాకు పాతర గుర్తొచ్చింది. మా ఊళ్లల్లో పూర్వం ఇంటిముందు మనిషి దిగేంత గుంత తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ వేసి మట్టితో మెత్తేవాళ్లు. రాబోయే ఏడాది వాన పడుతుందన్న నమ్మకం లేనివాళ్ల ఏర్పాటు అది. కడుపులో ఆకలి చూసిన బిడ్డ కూడా అదే పని చేస్తుంది. ఉన్న కాస్త తిండితో ముందు మెదడును కాపాడుకుంటుంది. కండ మీద ఖర్చు తగ్గించుకుంటుంది. లోపల ఒక పాతర తవ్వి పెట్టుకుంటుంది. బయటికొచ్చాక నిజంగానే కరువు ఉంటే ఆ తెలివి ప్రాణం నిలబెడుతుంది. బయట కరువు లేకపోతే? మేము సీసాతో, చక్కెరతో, బిస్కెట్లతో ఆ పాతర నింపాం. బక్కబిడ్డ పెరగాలి, అందులో తప్పు లేదు. తల్లిపాలతో తన దారిన తను అందుకునే ఎదుగుదల వేరు, మేం తొందరపెట్టి మొదటి ఏడాదిలోనే గీతలు దాటించిన ఎదుగుదల వేరు. ఆవుపాలల్లో మాంసకృత్తులు తల్లిపాలకన్నా మూడింతలు ఉంటాయి. ఐరోపాలో ఐదు దేశాల పిల్లల మీద పోల్చి చూస్తే, మాంసకృత్తులు ఎక్కువున్న డబ్బాపాలు తాగినవాళ్లు రెండేళ్లకు ఎక్కువ బరువు తూగారు.

పాతర గురించి అవ్వే చెప్పిన ఇంకో మాట ఉంది. తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదు. గాలి చెడి ఉంటుంది. తొందరపడి దిగి పైకి రానివాళ్లు ఉన్నారు.

అన్ని దారులూ ఆకలినుంచే రావు. మా ఆడబిడ్డకు కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. తల్లి రక్తంలో చక్కెర పెరిగితే అది బిడ్డకూ చేరుతుంది. బిడ్డ ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుని దాన్ని కొవ్వుగా మార్చుకుంటుంది. ఆమె కొడుకు 4 కిలోల పైన పుట్టాడు. నా కొడుకు సగం బరువుతో పుట్టాడు. ఈరోజు ఇద్దరూ ఒకే సైజు చొక్కా తొడుక్కుంటారు.

మూడో దారి అందరికీ తెలిసిందే. మా నాయన చిన్నప్పుడు జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి. వరన్నం పండగకే. 1983లో రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మా ఊళ్లో తెల్లన్నం రోజూ వచ్చింది. దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు. ఆ బియ్యం ఎన్ని పొయ్యిలు వెలిగించిందో నాకు తెలుసు. జొన్నచేలు తగ్గాయి, బియ్యం మూటలు పెరిగాయి. ఆ వెనకే కొట్లో ఐదు రూపాయల ప్యాకెట్లు వేలాడాయి. ఆ తర్వాత ఫోను వచ్చింది. మావాడు రెండేళ్లవరకు ఫోను చూస్తేనే నోరు తెరిచేవాడు. చూస్తున్నంతసేపు ఎన్ని ముద్దలైనా పోయేవి. రొమ్ము దగ్గర తల తిప్పుకోగలిగిన బిడ్డకు కడుపు నిండిందన్న కబురే మేం అందకుండా చేశాం. ఏడాది పిల్లలకు అసలు బొమ్మల తెర వద్దనీ, రెండునుంచి నాలుగేళ్లవాళ్లకు రోజుకు గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అప్పటికి మావాడికి నాలుగేళ్లు.

ఇదంతా తెలుసుకున్నాక మొదట నాకు వచ్చింది కోపం. ఆ జాబితా చదవండి. తల్లి బరువు, తల్లి షుగర్, తల్లి రక్తహీనత, తల్లి ఆపరేషన్, తల్లి పాలు. నేరపత్రం చదివినట్టు ఉంటుంది. మా అత్తమ్మ చదవకుండానే తీర్పు చెప్పేసింది: "తల్లి సూసుకోవల్ల గదా." నిజానికి ఏ ఒక్క కారణమూ తీర్పు కాదు. 2 కిలోలతో పుట్టి సన్నగా, చక్కగా పెరిగినవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు. ఇవన్నీ మొగ్గు చూపే బరువులే. తక్కెడ ఎటు వంగుతుందన్నది అన్నీ కలిస్తే తేలుతుంది. ఆ అన్నిట్లో తల్లి చేతిలో ఉన్నవెన్ని? నా తట్టలో రెండో ముద్ద నా చేతిలో లేదు. నాకు స్పృహ లేనప్పుడు పట్టిన డబ్బాపాలు నా చేతిలో లేవు.

తర్వాత వచ్చింది భయం. తిండి పెట్టడమే తప్పా? కరువు సీమలో ఈ మాట అనడానికి నోరు రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 35.5 శాతం. ఎత్తుకు మించిన బరువున్నవాళ్లు 3.4 శాతం, అంతకు ముందు సర్వేలో 2.1. రెండూ ఒకే బెంచీ మీద కూర్చుంటాయి. మా పత్తికొండ, ఆదోని, ఆలూరు పక్కనుంచి ఇప్పటికీ జనం గుంటూరు మిరప కోతలకు సుగ్గి పోతారు. కడుపుతో ఉన్నవాళ్లూ పోతారు. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మా పోయింది.

ఆ భయానికి జవాబు మన తెలుగు పల్లెల్లోనే దొరికింది. హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ 1987నుంచి 1990వరకు ఒక పరిశీలన చేసింది. కొన్ని పల్లెల్లో అంగన్వాడీ పథకం అప్పటికే వచ్చింది, కొన్నిట్లో ఇంకా రాలేదు. వచ్చినచోట గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయాపిండితో చేసిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13నుంచి 18 ఏళ్లవాళ్లయ్యాక మళ్లీ వెతికి కొలిచారు. కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ ఆ ఉప్మా అందినవాళ్లు కాస్త పొడుగయ్యారు, సుమారు 14 మిల్లీమీటర్లు. ఇన్సులిన్ వాళ్ల ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. కొవ్వు మాత్రం పక్క పల్లె పిల్లలకన్నా పెరగలేదు. అంటే తల్లికి, తల్లితో పాటు బిడ్డకు, సమయానికి పెట్టిన మామూలు తిండి లావు చెయ్యదు. మేం తల్లికి పెట్టాల్సినప్పుడు చెయ్యి పట్టుకున్నాం. బిడ్డ చాలన్నప్పుడు చెయ్యి వదల్లేదు. మా తప్పు ఇంతే.

డాక్టరు మావాడి బరువు తగ్గించమనలేదు. "వాడు పొడుగు పెరుగుతాడు. బరువు ఇక్కడే ఆగితే చాలు" అన్నాడు. పిల్లోడికి వేరే వంట పెట్టొద్దు, ఇంటి వంటే మార్చమన్నాడు. రాత్రిపూట సంగటి, పప్పు, ఆకుకూర అందరికీ. తట్ట ముందు ఫోను ఎవరికీ లేదు, మా ఆయనకు కూడా. తొమ్మిదికల్లా దీపాలు ఆర్పుతాం. సాయంత్రం పెన్న ఇసకలో క్రికెట్. లావు అన్న మాట ఇంట్లో ఎవరూ వాడకూడదు. బడికి పోయి, అంకె పైకి చదవకుండా రాసుకోమని అడిగి వచ్చాను. ఇప్పటికి పది నెలలు. నాలుగు సెంటీమీటర్లు పెరిగాడు. బరువు ఒక కిలో.

పోయిన నెల మా ఊరికి పోయాం. అవ్వకు దాదాపు తొంభై. చూపు మసక. మునిమనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చేత్తో తడిమి, "చిక్కినాడే" అంది బాధగా. సంగటి ముద్ద చేసి ఊరిబిండి అద్ది నోటికందించింది. వాడు రెండు ముద్దలు తిన్నాడు, మూడోదీ తిన్నాడు. నాలుగోదానికి తల తిప్పుకుని, "సాలు పెద్దవ్వా, కడుపు నిండింది" అన్నాడు.

అవ్వ చెయ్యి గాల్లో ఆగింది. నాకు ఊపిరి ఆగింది. ఇంకొక్క ముద్ద అని బతిమాలుతుందని, నా మీద కేకలేస్తుందని అనుకున్నాను. అవ్వ కాసేపు ఆ ముద్దను అట్లాగే పట్టుకుంది. తర్వాత గడప దగ్గర కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్న మా తమ్ముడి భార్య వైపు తిరిగింది. ఆ పిల్లకు ఇప్పుడు ఐదో నెల.

"ఇట్ల రామ్మే" అంది. "నువ్వు తినల్ల."